ఆగస్టులోనే క్రిస్మస్ గిఫ్టుల గురించి ఎందుకు రాస్తున్నానంటే

అందరికీ వందనాలండి. పాలకొల్లులో మా గిఫ్టుల కొట్టుకు వచ్చే అక్కలకు, అన్నయ్యలకు, సండే స్కూల్ టీచర్లకు, కువైట్ నుంచి, దుబాయ్ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టి ఇక్కడున్న పిల్లలకు బొమ్మలు కొనిపించే అమ్మలకు, అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నాను. ఇవాళ ఆగస్టు మొదటి వారం. ఈసారి క్రిస్మస్ శుక్రవారం వచ్చింది, ఇంకా ఇరవై వారాలుంది. ఇప్పటి నుంచే ఏంటండీ ఈ హడావుడి అని మీకు అనిపించొచ్చు. పోయిన ఏడాది డిసెంబరు నాకు బాగా గుర్తుంది కాబట్టే ఇప్పుడు రాస్తున్నాను. ముందు ఆ సంగతి చెప్పాలి. అది చెప్పకుండా ఈ ఏడాది సరుకు గురించి మాట్లాడటం నాకు ఇష్టం లేదు.

పోయిన ఏడాది జూలైలో కొందరు అక్కలు వచ్చి, వారానికి వంద చొప్పున నీ దగ్గర వేస్తాం, డిసెంబరులో ఆ డబ్బుకి గిఫ్టులు ఇవ్వమ్మా అన్నారు. నేను సరేనన్నాను. మొత్తం ఇరవై ముగ్గురు చేరారు. దసరా, దీపావళి దాటేసరికి పద్నాలుగు వారాలు కట్టారు, అంటే 32,200 రూపాయలు నా దగ్గర ఉన్నాయి. ఆ డబ్బు నేను విడిగా పెట్టలేదు, కొట్టు గల్లాలోనే కలిసిపోయింది, నేను చేసిన తప్పు అదే. కార్తీక మాసంలో క్షీరారామం గుడికి ఎంత జనం వస్తారో మీకు తెలుసు, ఆ జనానికి అమ్ముదామని దీపపు ప్రమిదలు, చిన్న పూజ సామాన్లు, పిల్లల బొమ్మలు ఆ డబ్బుతోనే తెచ్చి పెట్టాను, నెలలో తిరిగొస్తుంది కదా, క్రిస్మస్ సరుకు అప్పుడు తెద్దాంలే అనుకున్నాను. అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన నరసాపురం దగ్గరలోనే తీరం దాటింది. మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు, కొట్టు ముందు నీళ్లు నిలిచాయి, కింద అరలో పెట్టిన అట్టపెట్టెలు తడిసి అడుగులు ఊడిపోయాయి. తరవాత జనం వచ్చారు కానీ అనుకున్నంత బేరం జరగలేదు.

నవంబరు చివరికి చూసుకుంటే మీ గిఫ్టులకు కావలసిన డబ్బు నా చేతిలో లేదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి డిసెంబరు 10న విజయవాడ వెళ్లాను. వన్ టౌన్‌లో అప్పటికే మంచి సరుకు వెళ్లిపోయింది, మిగిలినదానికి బేరం లేదు, ఇష్టమైతే తీసుకో లేకపోతే లేదు అన్నట్టు ఉన్నారు. ఇరవై ముగ్గురిలో ఏడుగురికి నేను చెప్పిన వస్తువు ఇవ్వలేకపోయాను, స్టీలు టిఫిను డబ్బా అని చెప్పి ప్లాస్టిక్ డబ్బా ఇచ్చాను. జనవరిలో ఆ ఏడుగురి ఇళ్లకూ వెళ్లి తేడా డబ్బు తిరిగి ఇచ్చేశాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక పెద్దావిడ మాత్రం, పిల్లాడు స్టీలు డబ్బా వస్తుందని స్కూల్లో చెప్పుకున్నాడమ్మా, అని మెల్లగా అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు. తుపాను వచ్చిందని చెప్పొచ్చు, కానీ డబ్బు విడిగా ఉండి, సరుకు ఆగస్టులోనే కొని ఉంటే తుపాను వచ్చినా ఆ డబ్బా ఆ పిల్లాడికి అందేది.

అందుకని ఈ ఏడాది వారం వారం డబ్బు తీసుకోను. ఎవరు అడిగినా తీసుకోను, దయచేసి బలవంతం చేయకండి. దానికి బదులు వస్తువు పక్కన పెడతాను. మీరు కొట్టుకి వచ్చి వస్తువు చూసుకుని ఎంచుకోండి, నాలుగో వంతు డబ్బు కట్టండి, దాని మీద మీ పేరు, ఇవాళ్టి రేటు, కట్టిన డబ్బు రాసిన చీటీ అంటించి వెనక గదిలో బీరువాలో పెడతాను, అలాంటి చీటీయే ఇంకోటి మీకు ఇస్తాను. మిగతాది డిసెంబరు 5 లోపు మీకు వీలున్నప్పుడు యాభై అయినా, వంద అయినా కట్టుకోవచ్చు. మధ్యలో రేటు పెరిగినా మీ చీటీ మీద ఉన్న రేటే. నవంబరు 30 లోపు వద్దనుకుంటే పూర్తి డబ్బు తిరిగి ఇస్తాను, ఎందుకు వద్దనుకున్నారని అడగను. వస్తువు ఆ బీరువాలో ఉన్నట్టు మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.

ఇందులో నా లాభం కూడా ఉంది, దాచను. ఎన్ని కావాలో ముందే తెలిస్తే నేను ఆగస్టులో పెట్టెలకు పెట్టెలు బేరమాడి తెస్తాను, నచ్చినది ఏరుకుంటాను, డబ్బా సొట్ట పడితే మార్చి ఇస్తారు. డిసెంబరులో అయితే హోల్‌సేల్ వాళ్లు మార్పులు లేవంటారు, అరువు లేదంటారు, పార్సిల్ ఆఫీసులో సరుకు రెండేసి రోజులు పడి ఉంటుంది. పోయిన ఏడాది రెండు గిన్నెల టిఫిను డబ్బా ఆగస్టులో తెచ్చినవి 165కి అమ్మాను, డిసెంబరు 10న తెచ్చిన అలాంటిదే 205కి అమ్మితే కానీ నాకు ఏమీ మిగల్లేదు. ఆ నలభై రూపాయలు మీ జేబులోంచి పోయాయి, నాకు రాలేదు, వడ్డీకీ ట్రాన్స్‌పోర్టుకీ పోయాయి.

ముందుగా కొనుక్కోవడానికి అన్నిటికంటే మంచిది స్టీలు అని నా అభిప్రాయం. చెడదు, కరగదు, పాతబడదు, పోయిన ఏడాది సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడు స్టీలు సామాను మీద 12 శాతం ఉన్నది 5 శాతం అయింది కూడా. పిల్లల గ్లాసు, చిన్న టిఫిను డబ్బా, మూత ఉన్న గిన్నె, పాల చెంబు, యాభై నుంచి రెండు వందల లోపు ఎన్నో ఉన్నాయి. కొనేటప్పుడు అడుగు చూడండి, చేత్తో పట్టుకుని బరువు చూడండి, అంచు మీద వేలు పెట్టి తిప్పండి, గీసుకుంటే తీసుకోకండి. అక్టోబరు నెలాఖరు దాకా మా దగ్గర కొన్న స్టీలు మీద పేరు ఉచితంగా కొట్టించి ఇస్తాను. ఆ పని చేసే అన్నయ్య మంగళవారం సాయంత్రాలు వస్తారు, చిన్న కరెంటు మిషను పెన్నులాగ పట్టుకుని గిర్రుమని రాసుకుంటూ పోతారు, మూత లోపలి వైపు పేరు, కింద సంవత్సరం. పేర్లు మాత్రం కాగితం మీద పెద్దక్షరాలతో రాసి తీసుకురండి. ఫోన్లో చెబితే ఒత్తులు, దీర్ఘాలు తప్పు పడుతున్నాయి, ఒకసారి కొట్టాక చెరపలేం. డిసెంబరులో ఆయనకు ఊపిరాడదు, నేనూ మాట ఇవ్వలేను.

సండే స్కూల్ టీచర్లకు ఒక మాట. కంఠత వాక్యాలకు, బైబిలు క్విజ్‌కు ఇచ్చే బహుమతులు మీరు డిసెంబరు రెండో వారంలో, సెమీ క్రిస్మస్‌లు, కేరల్స్ ప్రాక్టీసులు అన్నీ మీద పడ్డాక వచ్చి అడుగుతారు, అప్పుడు నా దగ్గర ఏది మిగిలితే అదే నలభై మందికీ ఒకే రకంగా తీసుకెళ్తారు. నాలుగేళ్ల పాపకీ పద్నాలుగేళ్ల అబ్బాయికీ అదే పెన్సిల్ బాక్సు. ఆ అబ్బాయి ముఖం నేను మా సంఘంలోనే చూశాను, స్టేజి మీద నుంచి దిగి బాక్సు చెల్లెలికి ఇచ్చేసి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. మీరు ఇప్పుడే పిల్లల లెక్క, వయసులు రాసి ఇవ్వండి. ఒక్కొక్కరికి అరవై పెట్టుకున్నా నలభై మందికి 2,400, అది నాలుగు నెలల కానుకల్లోంచి కొంచెం కొంచెంగా తీస్తే సంఘానికి బరువు కాదు. చిన్నవాళ్లకు రంగు పెన్సిళ్లు, క్రేయాన్లు, నోటు పుస్తకాలు (వీటి మీద ఇప్పుడు జీఎస్టీ అసలు లేదు), పెద్ద పిల్లలకు వాటర్ బాటిల్, జామెట్రీ బాక్సు, అమ్మాయిలకైనా అబ్బాయిలకైనా గొడుగు. గొడుగు ఇచ్చి చూడండి, ఆ సంతోషం వేరు. జెల్ పెన్నులు మాత్రం ఇప్పుడు కొనొద్దు, నాలుగు నెలలు డబ్బాలో ఉంటే కొన్ని ఎండిపోతాయి.

బొమ్మల విషయం. పద్నాలుగేళ్ల లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. మార్కు లేనివి చవగ్గా దొరుకుతున్నాయి, ఇరవై రూపాయలకు కారు, ముప్ఫైకి గన్ను, నేను తేను. రెండేళ్ల క్రితం తెచ్చిన ఒక కారుకి చక్రం ఊడి లోపల ఇనుప చువ్వ బయటకు వచ్చింది, కొన్నావిడ నా చేతిలో పెట్టి చూపించారు, ఆ రోజుతో మానేశాను. వాటి బదులు ఏటికొప్పాక లక్క బొమ్మలు తెస్తున్నాను. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఆ ఊరు, అంకుడు కర్రని మిషను మీద తిప్పుతూ, గింజలు, బెరళ్లు, ఆకుల నుంచి తీసిన రంగులు కలిపిన లక్కని దాని మీద ఒత్తి పట్టిస్తారు, ఆ వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఆ ఊరి సొంత వస్తువేనన్న గుర్తింపు, వచ్చింది. పసిపిల్లలు నోట్లో పెట్టుకుంటారని భయపడే తల్లులకు నేను ఇదే చూపిస్తాను. బొంగరం నలభై నుంచి ఉంది, లక్కపిడతల సెట్టు రెండు వందల యాభై నుంచి. లక్కపిడతలు కావలసినవాళ్లు ఆగస్టు నెలాఖరు లోపే చెప్పండి, చేతిపని కాబట్టి డిసెంబరులో అడిగితే వాళ్లు పంపలేరు, పంపలేమని చెప్పడానికీ మొహమాటపడతారు.

మన ఊరి పక్కనే ఉన్నదాన్ని మనం మర్చిపోతున్నాం, నరసాపురం లేసు. ఎప్పుడో మిషనరీల కాలంలో ఇక్కడి ఆడవాళ్లు నేర్చుకున్న పని, ఇప్పటికీ అరుగుల మీద కూర్చుని అల్లుతూనే ఉన్నారు, 2024లో దానికీ జీఐ వచ్చింది. విదేశాలకు వెళ్తుంది కానీ మన ఇళ్లలో ఎంతమంది దగ్గర ఉంది చెప్పండి. నరసాపురం దగ్గర పల్లెలో ఇద్దరు అక్కల దగ్గర నేను నేరుగా తీసుకుంటున్నాను. మొన్న వెళ్లినప్పుడు ఒకావిడ గ్లాసు మీద కప్పే గుండ్రటి లేసు అల్లుతున్నారు, చుట్టూ పూసలు కుట్టేది. మధ్యలో మనవరాలు పిలిస్తే లేచారు, తిరిగొచ్చి ఎక్కడ ఆపారో కళ్లతో కాదు, వేలితో తడుముకుని పట్టుకున్నారు. వంటా వార్పూ మధ్య చేసే పని కాబట్టి రోజుకు అది రెండు మూడు కంటే అవ్వదట. ఒకటి అరవై రూపాయలకు అమ్ముతున్నాను, అందులో నలభై ఐదు ఆవిడకే ఇస్తున్నాను. దయచేసి దీని మీద బేరం ఆడొద్దు. ఆరు లేసుల సెట్టు పాస్టరమ్మ గారికి, టీచరు గారికి, వియ్యపురాలికి ఇస్తే ఎంత మర్యాదగా ఉంటుందో చూడండి. నేను ఇప్పటికి యాభై సెట్లే చెప్పాను, కాబట్టి అవి అయిపోతే అయిపోయినట్టే.

ఇప్పుడు కొనకూడనివి కూడా చెప్పాలి, నా దగ్గర ఉన్నా సరే. కొవ్వొత్తులు ఇప్పుడు కొనకండి, ముఖ్యంగా రేకుల ఇల్లు ఉన్నవాళ్లు. ఎండకు అటక మీద నిలువుగా పెట్టినవి కూడా వంగిపోతాయి, నాకే ఒక పెట్టె పోయింది. చాక్లెట్లు, బిస్కెట్ల గిఫ్ట్ ప్యాకులు డిసెంబరులోనే, తారీఖు చూసుకుని. బటన్ సెల్ వేసిన మెరిసే బొమ్మలు కొంటే సెల్ దగ్గర చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, అది క్రిస్మస్ రోజు దాకా లాగకండి, చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ సెల్ మూతకు స్క్రూ ఉందో లేదో చూడండి, లేకపోతే అసలు కొనకండి. సీరియల్ లైట్లు, కాగితం స్టార్లు దీపావళి అయ్యాక చూద్దాం. ఈసారి దీపావళి నవంబరు 8, అది దాటాక లైట్ల రేట్లు కొంచెం దిగుతాయి. కాగితం స్టార్లు ఇప్పుడు తెస్తే ఈ వానల తేమకి మడతల దగ్గర మెత్తబడి చినిగిపోతాయి.

చెప్పులు, బట్టలు. ఇది చెప్పకపోతే నాకు మనసు ఊరుకోదు. పోయిన ఏడాది ఆగస్టులో కువైట్‌లో పనిచేసే ఒకమ్మాయి, కూతురికి చెప్పులు కొనిపెట్టక్కా అని మెసేజ్ పెట్టింది. వాళ్లమ్మ గారు పాప పాదం నోటు పుస్తకం కాగితం మీద పెన్సిల్‌తో గీసి తెచ్చారు, బొటనవేలి దగ్గర గీత కొంచెం వణికి రెండుసార్లు పడింది. ఆ గీత మీద పెట్టి చూసి సరిగ్గా సరిపోయే జత తీసి ఉంచాం. క్రిస్మస్ పొద్దున వీడియో కాల్‌లో అమ్మ చూస్తుండగా పాప పెట్టె విప్పింది, మడమ వెనక్కి పొడుచుకొచ్చింది, ఎక్కలేదు. నాలుగు నెలల్లో పాదం పెరుగుతుందన్న చిన్న విషయం నాకు తట్టలేదు. ఆ మర్నాడే మార్చి ఇచ్చాను, కానీ ఆ పొద్దుటి సంగతి మార్చలేం కదండీ. అందుకని ఎదిగే పిల్లల చెప్పులు డిసెంబరు మొదటి వారంలోనే, బట్టలు ఇప్పుడే కొనాలంటే ఒక సైజు పెద్దది. దూరాన ఉన్న తల్లులు డబ్బు ముందే పంపినా నేను వస్తువు మాత్రం అప్పుడే కొంటాను, ఫోటో తీసి పంపుతాను.

చీరలు నేను అమ్మను, అయినా చెబుతున్నాను. సంఘంలో పెద్ద వయసు అమ్మలకు, ఇంట్లో పనికి వచ్చే అక్కకు చీర పెట్టాలనుకునేవాళ్లు ఈ వారమే కొనేయండి. ఈ ఏడాది అధిక మాసం రావడంతో ఆషాఢం ఆగస్టు 12 దాకా ఉంది, బట్టల కొట్లలో తగ్గింపులు ఇంకా నడుస్తున్నాయి. పది, పదిహేను చీరలు కావాలంటే నలుగురు కలిసి రాజమండ్రి తాడితోట వెళ్లిరండి, చార్జీలు పోను కూడా మిగులుతుంది. మడత విప్పి రెండు చివర్లూ చూసుకోండి, ఇంటికొచ్చాక వేపాకు వేసి పెట్టండి.

దూరం పంపేవాళ్లకు: బైబిళ్లు, పాటల పుస్తకాలు పంపాలంటే పోస్టాఫీసులో జ్ఞాన్ పోస్ట్ అని పోయిన ఏడాది మేలో మొదలుపెట్టారు. మొదలుపెట్టినప్పుడు 300 గ్రాముల లోపు 20 రూపాయలు, 5 కేజీల దాకా అయితే 100, పన్ను అదనం. రోడ్డు, రైలు మీదే వెళ్తుంది కాబట్టి నెమ్మది, అందుకే నవంబరులోనే వేసేయండి. అమెరికాలో ఉన్న పిల్లలకు పంపేవాళ్లు పోయిన ఏడాది పడ్డ ఇబ్బంది గుర్తుండే ఉంటుంది, అక్కడ పన్ను నిబంధనలు మారి ఆగస్టు చివర్లో మన పోస్టు పార్సిళ్లు ఆగిపోయాయి, అక్టోబరు 15న మళ్లీ మొదలయ్యాయి. ఈసారి పంపాలనుకుంటే ముందు పోస్టాఫీసులో నిబంధనలు అడిగి, ఆ తరవాతే నా దగ్గర వస్తువు కొనండి. లేసు అయితే బరువు ఉండదు, విరగదు.

ఇంకొక్కటి. లిస్టు రాసుకోండి. నేను నోటు పుస్తకంలో ఒక పేజీ పెట్టుకున్నాను: పేరు, పోయిన ఏడాది ఏమిచ్చాను, ఈసారి ఏమనుకుంటున్నాను, ఎంతలో. మొదటి రోజు పదకొండు పేర్లు వచ్చాయి, వారం తరవాత పద్దెనిమిది అయ్యాయి. ట్యూషన్ టీచరు, పాలు పోసే తాత, కూతురికి కాలేజీలో చీటీ తీస్తే వచ్చే క్రిస్మస్ ఫ్రెండ్, ఇలాంటివన్నీ డిసెంబరు 23న గుర్తొస్తాయి, అప్పుడు ఏది కనిపిస్తే అది ఎంతకైనా కొంటాం. మొత్తం ఎంతలో అవ్వాలో పేజీ పైన ముందే రాయండి. మీ లిస్టు తీసుకుని వచ్చి, అక్కా నా దగ్గర రెండు వేలే ఉంది, పద్దెనిమిది మందికి చూపించు అంటే నేను కూర్చోబెట్టి చూపిస్తాను, ఆగస్టులో నాకు ఆ తీరిక ఉంటుంది. తక్కువ డబ్బని మొహమాటపడి డిసెంబరు రద్దీలో ఎవరూ చూడకుండా కొనుక్కుపోయేవాళ్లు ఉన్నారని నాకు తెలుసు. అప్పు చేసి గిఫ్టు కొనకండి, నా దగ్గర కూడా అరువుకి కొనకండి.

నేను వచ్చే బుధవారం తెల్లవారుజామున రైలుకి విజయవాడ వెళ్తున్నాను, స్టీలు, పిల్లల స్టేషనరీ తెస్తాను. ఎన్ని కావాలో మంగళవారం రాత్రి లోపు చెప్పండి. ఆదివారం ఆరాధన అయ్యాక ఒంటిగంటకు కొట్టు తీస్తాను, మిగతా రోజులు పొద్దున తొమ్మిదిన్నర నుంచి. వాక్యం క్యాలెండర్లు, వాగ్దానం కార్డులు సంఘం పేరుతో అచ్చు వేయించుకునే పాస్టరు గార్లు కూడా సెప్టెంబరు లోపు చెబితే మంచిది, శివకాశిలో కొత్త ఏడాది క్యాలెండర్ల నమూనాలు ఆగస్టు మొదట్లోనే వచ్చేస్తాయి, తరవాత వాళ్లకు ఆర్డర్లు నిండిపోతాయి.

బీరువాలో ఇప్పటికి తొమ్మిది వస్తువులు చేరాయి. మొదటిది మాత్రం ఎవరూ డబ్బు కట్టినది కాదు, నేనే పెట్టాను. రెండు గిన్నెల స్టీలు టిఫిను డబ్బా, మూత లోపల పోయిన ఏడాది ప్లాస్టిక్ డబ్బా అందుకున్న ఆ పిల్లాడి పేరు కొట్టించాను. వాళ్ల అమ్మమ్మ గారు ఇది చదివితే ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్లండమ్మా, డిసెంబరు దాకా ఆగక్కర్లేదు.